గాయం తర్వాతి జీవితం, తెర మీద

‘నా బంగారు తల్లి’ ఆడపిల్లల అక్రమ రవాణా మీద తీసిన తెలుగు సినిమా. 2013లో తయారైంది. దర్శకుడు రాజేష్ టచ్‌రివర్, నిర్మాత సునీతా కృష్ణన్. కథ అమలాపురంలో మొదలవుతుంది. దుర్గ బాగా చదివే అమ్మాయి. తండ్రి శ్రీనివాస్ అంటే ఆమెకు ప్రాణం. ఊళ్లో కూడా అతనికి మంచి పేరుంది. ఆ పేరు చాటున అతను చేసే పని ఆడపిల్లల్ని అమ్మడం. ఆ సంగతి కూతురికి తెలియదు. పై చదువులకు హైదరాబాద్ వెళ్లాలని ఆమె ఆశ. పంపడం తండ్రికి ఇష్టం లేదు. పరాయి పిల్లల కోసం పన్నిన వలలోనే చివరికి సొంత కూతురు చిక్కుకుంటుంది.

దుర్గగా నటించిన అంజలి పాటిల్ నాసిక్‌కు చెందిన మరాఠీ నటి. పుణె విశ్వవిద్యాలయం లలిత కళా కేంద్రంలోనూ, ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలోనూ చదువుకుంది. ఈ సినిమాకు ముందే శ్రీలంక దర్శకుడు ప్రసన్న వితానగే తీసిన ‘విత్ యు, వితౌట్ యు’లో యుద్ధం గాయపరిచిన తమిళ యువతి పాత్ర వేసి, 2012 గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటిగా రజత మయూరం అందుకుంది. దెబ్బతిన్న మనిషి నోరు తెరవకుండా ఎలా బతుకుతుందో చూపించడం ఆమెకు అప్పటికే అలవాటైన విద్య. తండ్రి పాత్ర మలయాళ నటుడు సిద్దిఖ్ వేశాడు. 61వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ‘నా బంగారు తల్లి’ ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. నేపథ్య సంగీతానికి శంతను మోయిత్రాకు పురస్కారం దక్కింది. అంజలి పాటిల్‌కు ప్రత్యేక ప్రస్తావన లభించింది. ఇన్ని గౌరవాలు వచ్చినా సినిమా థియేటర్లకు చేరేసరికి 2014 నవంబరు అయింది. కొనేవాళ్లు ముందుకు రాక, విడుదల ఖర్చుకు జనం నుంచే చందాలు కోరాల్సి వచ్చింది.

అత్యాచారానికి, మోసానికి గురైన స్త్రీ తెలుగు తెరకు కొత్త కాదు. చాలాకాలం ఆమె ముందు రెండు మూడు దారులే ఉండేవి. చచ్చిపోవాలి, లేదా చెరిచినవాణ్ణే పెళ్లాడాలి, కాదంటే కత్తి పట్టాలి. 1980ల్లో ఈ చట్రం కొంత కదిలింది. డి.కామేశ్వరి నవల ఆధారంగా 1981లో ఎ.కోదండరామిరెడ్డి తీసిన ‘న్యాయం కావాలి’లో మోసపోయిన అమ్మాయి కోర్టు మెట్లెక్కింది. 1985లో టి.కృష్ణ ‘ప్రతిఘటన’ వచ్చింది. నడిబజారులో అవమానం పాలైన లెక్చరర్ ఝాన్సీగా విజయశాంతి నటించింది. రాష్ట్రమంతా ఊగిపోయిన సినిమా అది. అయితే ఝాన్సీ గాయానికి కథ చూపిన మందు గొడ్డలి. 1989లో వచ్చిన ‘మౌన పోరాటం’లో అడవి బిడ్డ తన బిడ్డకు తండ్రి పేరు కోసం న్యాయపోరాటానికి దిగుతుంది. బి.నర్సింగరావు ‘దాసి’ (1988) మరో దారి తొక్కింది. తెలంగాణ గడీలో దొర చెప్పుచేతల్లో బతికే దాసి జీవితాన్ని, అరుపులు, కేకలు లేకుండా, పనుల మధ్య నుంచి చూపించింది. అర్చనకు ఆ పాత్ర జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చింది.

వాస్తవిక సినిమా అంటే ఏమిటో ‘ప్రతిఘటన’, ‘దాసి’ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒకటి కోపాన్ని పండించి ప్రేక్షకుణ్ణి తేలికపరుస్తుంది. రెండోది ఆ బరువును దించకుండా అతని మీదే ఉంచుతుంది. పగ తీర్చుకునే కథలో విలన్ చనిపోగానే సినిమా అయిపోతుంది. నిజ జీవితంలో ఆ స్త్రీ మర్నాడు పొద్దున లేవాలి, నీళ్లు పట్టాలి, పక్కింటివాళ్ల చూపు దాటుకుని బస్సెక్కాలి. నేరస్థుడికి శిక్ష పడినా ఆమె నిద్ర ఆమెకు తిరిగి రాదు. మానసిక గాయం నుంచి కోలుకునే స్త్రీ మీద తీసే సినిమాకు అసలు పని దాడి దృశ్యం అయిపోయిన తర్వాతే మొదలవుతుంది. అక్కడికి వచ్చే ఓపిక చాలా సినిమాలకు ఉండదు.

‘నా బంగారు తల్లి’ దుర్మార్గుణ్ణి ఇంట్లోనే నిలబెట్టింది. అక్రమ రవాణా తీరు తెలిసినవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించదు. అమ్మాయిల్ని ఎత్తుకుపోయేవాళ్లు తక్కువ, నమ్మించి తీసుకుపోయేవాళ్లు ఎక్కువ. పని ఇప్పిస్తానన్న దూరపు బంధువు, పెళ్లి చేసుకుంటానన్న కుర్రాడు, పట్నంలో మంచి జీతం ఉందని చెప్పే ఊరి మనిషి. అందుకే ఈ గాయానికి రెండు లోతులుంటాయి. ఒకటి శరీరానికి జరిగినది, మరొకటి నమ్మకానికి జరిగినది. మొదటిదానికి మందులూ డాక్టర్లూ ఉన్నారు. రెండోది మానాలంటే మళ్లీ ఎవరినో ఒకరిని నమ్మాలి, విరిగిపోయింది సరిగ్గా ఆ నమ్మే శక్తే.

ఈ సంగతులు ఈ సినిమాకు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలంటే నిర్మాత గురించి చెప్పాలి. సునీతా కృష్ణన్ 1972లో బెంగళూరులో పుట్టింది. పదిహేనేళ్ల వయసులో, దళితుల మధ్య అక్షరాస్యత కోసం పనిచేస్తున్న రోజుల్లో, తన మీద సామూహిక అత్యాచారం జరిగిందని ఆమె ఎన్నో వేదికల మీద స్వయంగా చెప్పింది. తనను ఎక్కువగా బాధించింది ఆ తర్వాత తనవాళ్లూ సమాజమూ తనను చూసిన తీరేనని కూడా చెప్పింది. 1996లో హైదరాబాద్‌లోని మెహబూబ్ కీ మెహందీ ప్రాంతాన్ని ఖాళీ చేయించి, అక్కడ వ్యభిచారంలో మగ్గుతున్న స్త్రీలను వెళ్లగొట్టినప్పుడు, ఆమె, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కలిసి ప్రజ్వల సంస్థను ప్రారంభించారు. ఆ స్త్రీల పిల్లలు అదే ఊబిలో దిగకుండా బడి పెట్టడం తొలి పని. తర్వాత వ్యభిచార గృహాల నుంచి బాలికల్ని, స్త్రీలను విడిపించడం, ఆశ్రయం ఇవ్వడం, కేసులు నడపడం దాకా పని పెరిగింది. తన మీద జరిగిన దాడుల్లో ఆమెకు ఒక చెవి వినికిడి పోయింది. 2016లో పద్మశ్రీ వచ్చింది. దర్శకుడు రాజేష్ టచ్‌రివర్ ఆమె భర్త. శ్రీలంక అంతర్యుద్ధం మీద ‘ఇన్ ద నేమ్ ఆఫ్ బుద్ధ’ (2002) తీసినవాడు. అక్రమ రవాణా మీద ‘అనామిక’ అనే లఘుచిత్రం కూడా తీశాడు. అలా ఈ కథ ఇంటిలోపలి మనుషుల చేతుల్లో తయారైంది.

గాయపడిన మనసు ఎలా పనిచేస్తుందో కొంత తెలిస్తే ఇలాంటి సినిమాల్లో చాలా దృశ్యాలు అర్థమవుతాయి. ప్రాణభయం కలిగినప్పుడు శరీరం ఆలోచన కోసం ఆగదు. తిరగబడుతుంది, పారిపోతుంది, రెండూ కుదరకపోతే కొయ్యబారిపోతుంది. కొయ్యబారడం ఒప్పుకోవడం కాదు, అది శరీరం తనంతట తాను వేసుకునే బ్రేకు. ఆ సమయంలో మెదడు జ్ఞాపకాన్ని వరుసగా రాసుకోదు. ఒక వాసన, ఒక గొంతు, ఫ్యాన్ తిరిగే శబ్దం విడివిడిగా మిగిలిపోతాయి. నెలల తర్వాత అదే వాసన తగిలితే జరిగినదంతా ఇప్పుడే జరుగుతున్నట్టు శరీరం వణికిపోతుంది. నిద్ర పట్టదు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు వస్తుంది. కొన్నాళ్లు ఏ భావమూ లేనట్టు మొద్దుబారిపోవడమూ ఇందులో భాగమే. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్లోనూ, అత్యాచారానికి గురైన స్త్రీలలోనూ ఈ లక్షణాలు కనిపించాయి. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వీటిని ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ పేరుతో తన రోగ నిర్ధారణ గ్రంథంలో చేర్చింది.

అమెరికా మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన పుస్తకంలో కోలుకునే ప్రయాణాన్ని మూడు దశలుగా వివరించింది. ముందు భద్రత కావాలి. ఆ తర్వాత జరిగినదాన్ని గుర్తుచేసుకుని, మాటల్లో పెట్టి, పోగొట్టుకున్నదాని కోసం ఏడవాలి. చివరగా మళ్లీ మనుషులతో కలవాలి. భద్రత లేకుండా జ్ఞాపకాన్ని తవ్వితే గాయం మళ్లీ పచ్చిదవుతుంది. మన దగ్గర జరిగేది తరచుగా ఇదే. పోలీస్ స్టేషన్లో ఒకసారి, ఆస్పత్రిలో ఒకసారి, కోర్టులో ఇంకోసారి, బంధువుల ముందు లెక్కలేనన్ని సార్లు ఆమె మొత్తం మళ్లీ చెప్పాలి. తడబడితే అబద్ధమంటారు, ఏడవకపోతే అనుమానిస్తారు.

ఈ అనుమానం చట్టంలోకి కూడా ఎక్కింది. 1972లో మహారాష్ట్ర దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్లో ఒక ఆదివాసీ బాలిక మీద పోలీసులు అత్యాచారం చేసిన కేసులో, ఆమె శరీరం మీద గాయాల గుర్తులు లేవన్నదాన్ని ఆధారం చేసుకుని 1978లో సుప్రీంకోర్టు నిందితుల్ని విడిచిపెట్టింది. ఉపేంద్ర బక్షీ, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్, లోతికా సర్కార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతటా మహిళా సంఘాలు వీధిలోకి వచ్చాయి. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఒక స్త్రీ మీద అత్యాచారం జరిగి, ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయినప్పుడు నగరం భగ్గుమంది. విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఈ రెండు ఘటనల వేడి 1983 చట్ట సవరణ దాకా సాగింది. పోలీసుల కస్టడీలో ఉన్న స్త్రీ తనకు ఇష్టం లేదని చెబితే కోర్టు ఆ మాటనే నమ్మి మొదలుపెట్టాలని ఆ సవరణ చెప్పింది. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైందీ అప్పుడే. కొయ్యబారిన శరీరం గురించి మానసిక వైద్యులు చెప్పిన మాట న్యాయస్థానాల్లో సరిగా వినబడటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

కోలుకోవడంలో ఇంటికి తిరిగి రావడమనే ఘట్టాన్ని ‘నా బంగారు తల్లి’ కన్నా లోతుగా చూసిన సినిమా మరాఠీలో ఉంది. సుమిత్రా భావే, సునీల్ సుక్తంకర్ కలిసి తీసిన ‘దోఘీ’ (1995) అది. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా తెలుగువాళ్లకు ఈ కథ పరాయిదిగా అనిపించదు. 1956 దాకా ఆ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు ఇప్పటికీ తెలుగూ మరాఠీ కలిసి వినిపిస్తాయి. నిజాం కాలంలో వేసిన గోదావరి లోయ రైలుమార్గం హైదరాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ దాకా సాగి అక్కడ ముంబై దారిలో కలుస్తుంది. వానలు మొహం చాటేసిన ఏడు రెండు వైపులా ఊళ్లు ఖాళీ అయి ఆ రైలే ఎక్కాయి.

‘దోఘీ’లో ఇద్దరు అక్కచెల్లెళ్లు, గౌరి, కృష్ణ. గౌరి పెళ్లి రోజునే పెళ్లివారి బండి ప్రమాదానికి గురై వరుడు చనిపోతాడు. తండ్రి పక్షవాతంతో పడిపోతాడు. ఇంట్లో గింజ లేని పరిస్థితి. అపశకునమని ముద్ర పడ్డ గౌరిని మేనమామ పని ఇప్పిస్తానని ముంబై తీసుకుపోతాడు. ఆ పని ఏమిటో తల్లికి తెలుసు. గౌరి పంపిన డబ్బుతో ఇల్లు నిలబడుతుంది. కొన్నేళ్ల తర్వాత చెల్లెలి పెళ్లికి ఆమె ఇంటికొస్తే, ఆ డబ్బు తిన్న ఇల్లే ఆమెను దగ్గరకు తీసుకోలేకపోతుంది. గౌరిగా రేణుకా దఫ్తర్‌దార్, కృష్ణగా సోనాలీ కులకర్ణి, తల్లిగా ఉత్తరా బావ్‌కర్, మేనమామగా సదాశివ్ అమ్రాపూర్‌కర్ నటించారు. సామాజిక సమస్యల విభాగంలో జాతీయ పురస్కారం ఈ సినిమాకు వచ్చింది.

తల్లి పాత్రను రాక్షసిని చేయకపోవడం ‘దోఘీ’ గొప్పతనం. ఆకలి ఒక తల్లి చేత ఏం చేయిస్తుందో, ఆ తర్వాత ఆ తప్పును మోయలేక ఆమె కూతురి మీదే ఎలా కఠినమవుతుందో చూపించారు. కూతురి ముఖం చూస్తే తాను చేసింది గుర్తొస్తుంది, అందుకే ముఖం చూడదు. బాధితుల్ని ఇళ్లవాళ్లు తోసేయడం వెనుక పరువు భయం ఒక్కటే ఉండదు. తమ పాలు కూడా ఉందన్న లోపలి బాధ ఉంటుంది. గౌరికి మళ్లీ మనిషినన్న భావం తెచ్చేది ప్రశ్నలు అడగకుండా పక్కన కూర్చున్న చెల్లెలు. సుమిత్రా భావే సినిమాల్లోకి రాకముందు సామాజిక సేవా రంగంలో బోధన, పరిశోధన చేసిన మనిషి. ఆమె తొలి లఘుచిత్రం ‘బాయి’ (1985) పుణె మురికివాడలో బతుకుతున్న ఒక స్త్రీ గురించి. 2021 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా ఆమె మనసు గాయాల మీద కూడా సినిమాలు తీస్తూ వచ్చింది. ‘దేవరాయి’, ‘కాసవ్’ ఆ వరుసలోవే. ‘కాసవ్’ 2016 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం పొందింది.

విడిపించి తెచ్చిన అమ్మాయి వెంటనే కృతజ్ఞతతో కన్నీళ్లు పెట్టుకుంటుందని సినిమాలు అనుకుంటాయి. ఆశ్రయ గృహాల్లో పనిచేసేవాళ్లు చెప్పేది వేరు. మొదటి రోజుల్లో చాలామంది తిడతారు, గోడ దూకాలని చూస్తారు, తెచ్చినవాళ్లనే శత్రువులంటారు. ఎందుకంటే బయటివాళ్లంతా పోలీసులకు పట్టిస్తారని, ఇంటివాళ్లు చంపేస్తారని వ్యాపారం చేసేవాళ్లు ఏళ్ల తరబడి నూరిపోసి ఉంటారు. కొట్టినవాడే అన్నం పెడితే, ఆ అన్నం పెట్టే చేతికే అంటుకుపోవడం మనసు బతకడానికి వెతుక్కునే దారి. మత్తు అలవాటు మాన్పించాలి, జబ్బులకు వైద్యం చేయించాలి, పుట్టిన పిల్లల సంగతి చూడాలి. ఆ తర్వాత పని. ప్రజ్వలలో స్త్రీలకు వడ్రంగం, వెల్డింగ్, పుస్తకాల బైండింగ్ వంటి పనులు నేర్పిస్తారు. సాధారణంగా ఆశ్రయ గృహాలంటే కుట్టుమిషన్, అప్పడాలు. సుత్తి పట్టి, ఇనుము అతికించి, జీతం తెచ్చుకున్న చేతికి తన శరీరం మీద తనకు హక్కుందన్న సంగతి మళ్లీ అర్థమవుతుందన్నది ఆ పనుల వెనుక ఉన్న ఆలోచన. కోలుకోవడం మీద తీసే సినిమాలో ఇలాంటి పనిగంటలు ఎక్కువగా కనబడాలి. కౌన్సెలింగ్ గదిలో ఒక్క ఏడుపుతో అంతా తేలిపోయినట్టు చూపడం నిజానికి దూరం.

కెమెరాకు కూడా కొన్ని నియమాలు తప్పవు. దాడిని చూపేటప్పుడు దాడి చేసేవాడి కళ్లతో చూపితే, సినిమా ఎంత మంచి మాటలు చెప్పినా ప్రేక్షకుణ్ణి ఆ గదిలో రెండో నిందితుణ్ణి చేస్తుంది. తలుపు బయట నిలబడ్డ కెమెరా, శబ్దం మాత్రమే వినిపించే చీకటి, ఆ తర్వాత ఆమె ముఖం ఎక్కువ నిజం చెబుతాయి. నిజ జీవిత కథ అయితే మరో జాగ్రత్త అవసరం. భారతీయ శిక్షాస్మృతిలో 228ఎ సెక్షన్‌గా ఉన్న నిబంధన ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. దాని ప్రకారం బాధితురాలి పేరు గానీ, ఆమెను గుర్తుపట్టే వివరాలు గానీ ప్రచురించకూడదు. ఊరు, కులం, చదివిన కాలేజీ, తండ్రి ఉద్యోగం కలిపి చెప్పినా చిన్న ఊళ్లో పేరు చెప్పినట్టే. ఆమె తానుగా ముందుకొచ్చి తన పేరుతో మాట్లాడితే అది వేరు. సునీతా కృష్ణన్ చేసింది అదే.

సినిమా చూసి బయటికొచ్చిన మనిషికి సాయం అడగాల్సిన చోటు తెలియడమూ అవసరమే. 2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత 2013లో చట్టం మారింది. అక్రమ రవాణాకు శిక్షాస్మృతిలో స్పష్టమైన నిర్వచనం వచ్చింది. బాధితురాలికి ప్రభుత్వమే కాదు, ప్రైవేటు ఆస్పత్రులు కూడా ఉచితంగా తక్షణ చికిత్స చేయాలన్న నిబంధన చేరింది. 2015 నుంచి కేంద్ర ప్రభుత్వం జిల్లాల్లో ‘సఖి’ కేంద్రాలను ఏర్పాటు చేస్తోంది. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కొన్నాళ్ల ఆశ్రయం ఒకే కప్పు కింద దొరకాలన్నది వాటి ఉద్దేశం. హైదరాబాద్‌లో 2016లో మొదలైన ‘భరోసా’ కేంద్రం కూడా ఇదే పద్ధతిది. స్త్రీ తన వాంగ్మూలాన్ని స్టేషన్ గదిలో కాకుండా అక్కడ ఇవ్వవచ్చు.

నాందేడ్ జిల్లాలో ఉన్నవాళ్లకు మహారాష్ట్ర ప్రభుత్వ ‘మనోధైర్య’ పథకం వర్తిస్తుంది. 2013 అక్టోబరు 2న మొదలైన ఈ పథకం అత్యాచారానికి, యాసిడ్ దాడికి గురైన స్త్రీలకు, లైంగిక హింసకు గురైన పిల్లలకు ఆర్థిక సాయంతోపాటు కౌన్సెలింగ్, పునరావాసం కల్పించడానికి ఉద్దేశించింది. సాయం మొత్తాన్ని తర్వాత 10 లక్షల రూపాయల వరకు పెంచి, అమలును జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అప్పగించారు. మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112, పిల్లల కోసం 1098 నంబర్లు ఉన్నాయి. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య సలహా తెలుగులోనూ, మరాఠీలోనూ, ఉచితంగా దొరుకుతుంది.